బీఎంపీ-2 కిట్‌ని మన సారథ్ బండిగా మార్చుడు: తుప్పు వేసి నాన్నతో తిట్లు తిన్న అనుభవం

మీ ప్రశ్న చదివిన. మొదటిసారి 1/35 (అంటే అసలు సైజులో 35వ వంతు) బీఎంపీ-2 ప్లాస్టిక్ కిట్ కొన్నారు, సైనికుల్ని మోసే సోవియట్ కవచ బండి అది, రష్యా బండి లెక్క కాకుండా మన ఆర్మీ సారథ్ లెక్క చెయ్యాలని ఉంది, ఏమేం మార్చాలి, ఎయిర్‌బ్రష్ (గాలితో పెయింట్ చిమ్మే పెన్ను లాంటిది) లేకుండా అయితదా, తుప్పు బురద ఎట్ల వెయ్యాలి, ఇదే కదా అడిగింది. అయితది బ్రదర్. నేను రెండు చేసిన, మొదటిది చూసి మా నాన్న తిట్టిండు, రెండోది ఇప్పుడు ఆయన టీవీ పక్కన ఉంది. కొంచెం పొడుగు రాస్తున్నా, ఓపిక పట్టండి.

మా నాన్న ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని చేసి రిటైరైండు. పేరుకి మెదక్ ఫ్యాక్టరీ అంటరు గానీ ఉన్నది ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో. 1984లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసింది, 1987కల్లా మొదటి సారథ్ తయారైంది, అంటే సోవియట్ వాళ్ల బీఎంపీ-2నే లైసెన్స్ తీసుకుని ఇక్కడ కట్టుడు. మేం క్వార్టర్స్‌లో పెరిగినోళ్లమే కానీ లోపలి ముచ్చట ఒక్కటి కూడా ఇంట్లో చెప్పేటోడు కాదు, అమ్మ అడిగినా "పోయిన, పని చేసిన, వచ్చిన" అంతే. కాబట్టి నా దగ్గర ఏదో లోపలి సమాచారం ఉందనుకోకండి, నేను చూసి చేసినవన్నీ రిపబ్లిక్ డే పరేడ్ ఫోటోలు, పేపర్లో పడ్డ ఫోటోలే.

మొదటి బండి టైంలో నేను వీడియోలు చూసీ చూసీ ఫుల్ జోష్ మీద ఉన్న. ఆ వీడియోల్లో వాళ్లు వేసిన తుప్పు, కారిన మరకలు, ఊడిన పెయింట్ అన్నీ నా ఒక్క బండి మీదనే వేసేసిన, రెండు నెలల పని, నాకైతే అద్భుతంగా కనిపించింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చేతిలో తిప్పి తిప్పి చూసి "గిదేంది రా, మా బండికి గింత తుప్పా? సముద్రంల మునిగి తేలిందా?" అన్నడు. తర్వాత గోరుతో ముందు పలక అతుకు మీద రాసి "ఈడ వెల్డ్ ఏది?" అని అడిగిండు. అంతే, టీ తాగి పోయిండు. నేను కిట్ బాక్స్ తీసి చూస్తే నిజమే, అసలు బండి ఉక్కు పలకలు వెల్డ్ చేసి కట్టిన డబ్బా, నా మోడల్లో పలకకీ పలకకీ మధ్య సబ్బు బిళ్ల లెక్క నున్నగా ఉంది. లేని తుప్పు వేసిన, ఉండాల్సిన వెల్డు వెయ్యలే.

అందుకే మీకు మొదట చెప్పేది, ఒక్క ఫోటో ఎంచుకోండి. పది ఫోటోలు కాదు, ఒక్కటి. ఆ ఒక్క బండి, ఆ ఒక్క రోజు ఎట్లుందో అదే చెయ్యండి. పరేడ్ బండా, అయితే మెరిసిపోవాలె, దుమ్ము కూడా ఉండొద్దు. రాజస్థాన్ ఎక్సర్‌సైజులో తిరిగే బండా, అయితే పసుపు ఇసుక దుమ్ము. లడఖ్ అయితే బూడిద రంగు దుమ్ము. ఐక్యరాజ్య సమితి పనికి కాంగో పోయిన మన బండ్లు తెల్ల రంగువి, అక్కడ గోమా పక్కనే నీరగోంగో అగ్నిపర్వతం, నేల అంతా నల్ల లావా మట్టి, తెలుపు మీద నలుపు, అబ్బ చూడ్డానికి మస్తుంటది గానీ తెల్ల రంగు బ్రష్‌తో సమానంగా వేసుడు నరకం, మొదటి కిట్‌కి వద్దు.

కిట్ సంగతి. 1/35లో జ్వెజ్దా, ట్రంపెటర్ ఇద్దరూ బీఎంపీ-2 చేస్తరు, ఏదైనా పర్లేదు. బాక్స్ మీద 2 పక్కన డీ ఉందా చూస్కోండి, అది అఫ్ఘానిస్తాన్ యుద్ధం కోసం పక్కలకి ఎక్స్‌ట్రా కవచం పలకలు తగిలించిన రకం, సారథ్‌కి అవి ఉండవు. బీఎంపీ-1 అయితే అస్సలు వద్దు, దాని టరెట్ (పైన గన్‌తో పాటు తిరిగే డబ్బా) చిన్నది, ఒక్క మనిషి కూర్చునేది, తుపాకీ 73 ఎంఎం పొట్టిది. మనది 30 ఎంఎం పొడుగు గన్, టరెట్‌లో ఇద్దరు. అసలు బండి 6.7 మీటర్ల పైన పొడుగు, 3.15 మీటర్ల వెడల్పు, అంటే మీ టేబుల్ మీద 19 సెంటీమీటర్లు బై 9, అరచేతి కంటే కొంచెం పెద్దది. (ఈ 1/35 అనే వింత లెక్క ఎక్కడిది అని చాలామంది అడుగుతరు. 1960ల మొదట్లో జపాన్ తమియా వాళ్లు ప్యాంథర్ ట్యాంక్ బొమ్మ చేసేటప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టే సైజు చూసుకుని చేసిన్రు, తర్వాత కొలిస్తే దాదాపు 1/35 తేలింది, ప్రపంచమంతా అదే పట్టుకుంది.)

సామాన్లు ఎక్కువేం వద్దు. ముక్కలు కత్తిరించడానికి మంచి నిప్పర్, కట్టర్ బ్లేడ్, 400, 800, 1000 నంబర్ వాటర్ పేపర్, ప్లాస్టిక్ మోడళ్ల కోసమే అమ్మే పల్చటి సిమెంట్. ముక్కలున్న ఫ్రేములు ముందు విమ్ నీళ్లలో కడిగి ఆరబెట్టండి, అచ్చు నుంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు ఉంటది, అది పోకపోతే పెయింట్ పట్టదు. ఆ పల్చటి సిమెంట్ గమ్ కాదు, ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి కలిపేస్తది, కాబట్టి రెండు ముక్కలు ముందే ఆనించి పట్టుకుని సందులో బ్రష్ ముట్టిస్తే చాలు, దానంతట అదే పాకుతది. ఫెవిక్విక్ మెటల్ ముక్కలకి మాత్రమే, హెడ్‌లైట్ అద్దాల దగ్గర వాడితే తెల్లటి పొగ పట్టినట్టు అయితది, అద్దాలకి మామూలు ఫెవికాల్ చాలు, ఆరినాక కనిపించదు. ఇంకోటి, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ దగ్గరికి పోకండి. నేను బ్రష్‌తో వేసిన పెయింట్ బాలేదని తుడుద్దామని బట్టకి థిన్నర్ రాసి తుడిచిన, పెయింట్‌తో పాటు ముందు పలక మీద ఉన్న చిన్న చిన్న బోల్టులు కూడా పోయినయ్, వేలిముద్ర మాత్రం చక్కగా అచ్చు పడింది, ఇప్పటికీ ఉంది.

ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) దగ్గర టైం తీసుకోండి. కొన్ని కిట్లలో రబ్బరు లాంటి ఒక్క పట్టీ వస్తది, కొన్నింట్లో లింకులు విడివిడిగా, వైపుకి ఎనభై పైచిలుకు. విడివిడివి అయితే స్కేలు పక్కన వరసగా అతికించి, సిమెంట్ పూర్తిగా ఆరకముందే, అంటే అరగంట లోపల, చక్రాల చుట్టూ చుట్టాలె, పై భాగం కొంచెం కిందికి వేలాడేటట్టు స్పాంజ్ ముక్కలు కుక్కి రాత్రంతా వదిలేయాలె. మరీ వేలాడకూడదు, బీఎంపీకి పైన మూడు రోలర్లు ఉంటయ్ కాబట్టి వాటి మధ్యలో చిన్న వంపు చాలు, టీ-55 లాంటి రోలర్లు లేని ట్యాంక్ ఫోటో చూసి అంత వేలాడదీయకండి. పళ్ల చక్రం బీఎంపీకి ముందు ఉంటది, ఇంజిన్, గేర్ అన్నీ ముందే కదా. నేను చేసిన ఘనకార్యం ఏందంటే రెండు వైపులా లింకులు ఒకే లెక్కన పేర్చి పెట్టి, ఒకటి తిప్పి అటు వైపు పెట్టేసిన, ఎడమ ట్రాక్ ముందుకి పోతుంటే కుడిది వెనక్కి పోతున్నట్టు అయ్యింది. పెయింట్ అయినాక తెలిసింది. ఇంకేం పీకుతం.

ఇప్పుడు అసలు మార్పులు. నాన్న అడిగిన వెల్డ్ రెండోసారి ఎట్ల చేసినా అంటే, ముక్కలు కోసేశాక మిగిలే ఫ్రేమ్ పుల్లని కొవ్వొత్తి సెగ పైన పట్టి (మంటలో కాదు, పైన) మెత్తబడగానే దూరం జరిపి మెల్లగా లాగితే వెంట్రుక లాంటి దారం వస్తది. దాన్ని పలకల అతుకు మీద పెట్టి సిమెంట్ రెండు కోట్లు రాస్తే ఒక ఐదు నిమిషాల్లో మెత్తబడతది, అప్పుడు మొద్దుబారిన బ్లేడ్ అంచుతో దగ్గర దగ్గరగా నొక్కుకుంటూ పోవాలె. మొదటి అతుకు దరిద్రంగా వస్తది, మూడోది బాగుంటది, అందుకే వెనక తలుపుల కింద నుంచి మొదలుపెట్టి ముందు పలక ఆఖర్న చెయ్యండి. అదే దారం ఆంటెన్నాకి కూడా పనికొస్తది.

గన్ బ్యారెల్ కిట్‌లో ప్లాస్టిక్, మధ్యలో అతుకు గీత, మూతి దగ్గర రంధ్రం ఉండదు. బయట మెటల్ బ్యారెళ్లు అమ్ముతరు, నాకు తెప్పించే ఓపిక లేదు, మెడికల్ షాపులో 18 గేజ్ సూది కొన్న, గులాబీ రంగు మూత ఉండేది. లెక్క చూడండి, 30 ఎంఎంని 35తో భాగిస్తే 0.86, ఆ సూది లోపలి రంధ్రం 0.84 ఎంఎం, ఇంతకంటే ఏం కావాలె. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే మూతి నలిగిపోతది, సన్నటి ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవాలె, మొన ముందే విరిచి పారేసుకోండి, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త. గన్ మూతికి తొడుగు లెక్క ఉండే ముక్క (మజిల్ బ్రేక్ అంటరు) మాత్రం కిట్‌దే కోసి, లోపల రంధ్రం చేసి తొడిగిన.

టరెట్ మీద ఉండే మిస్సైల్ గొట్టం కిట్‌లో వస్తది, పెట్టాలా వద్దా అనేది మీ ఫోటోని బట్టి, చాలా ఫోటోల్లో ఖాళీ స్టాండే ఉంటది. పెడితే మాత్రం ఒక సరదా ముచ్చట, ఆ కొంకుర్స్ మిస్సైళ్లు మన బీడీఎల్ (భారత్ డైనమిక్స్) వాళ్లు భానూరులో చేస్తరు, అది కూడా సంగారెడ్డి జిల్లానే, అంటే కింద బండి, పైన మిస్సైల్ రెండూ ఒకే జిల్లావి. ఇంకా పెద్ద మార్పు కావాలంటే ఇదే బండి ఛాసిస్ మీద 81 ఎంఎం మోర్టార్ బండి, నాగ్ మిస్సైల్ మోసే నామికా కూడా ఉన్నయ్, కానీ వాటికి సగం బండి ప్లాస్టిక్ షీట్‌తో మీరే కట్టాలె, ఇప్పుడే ఆ జోలికి పోకండి.

పైన పెట్టే సామాను మన ఇంట్లోదే. టార్పాలిన్‌కి టిష్యూ పేపర్‌లో ఒక్క పొర తీసి నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి చుట్టాలె. వలకి మెడికల్ గాజ్ గుడ్డ, టీ డికాషన్‌లో నానబెడితే రంగు బాగొస్తది. ఇసుక మూటలకి ఎంసీల్.

ఎయిర్‌బ్రష్ లేకుండా అయితదా అన్నారు, నాకు ఇప్పటికీ లేదు. ప్రైమర్, ఆకుపచ్చ బేస్ స్ప్రే డబ్బాతో, మిగతాది బ్రష్‌తో. వానాకాలంలో స్ప్రే చెయ్యకండి, తేమకి తెల్లగా పాలిపోతది. మే నెల మధ్యాహ్నం మేడ మీద కూడా వద్దు, పెయింట్ గాల్లోనే ఆరిపోయి బండి మీద రవ్వ చల్లినట్టు పడతది, పొద్దున ఏడింటికి చెయ్యండి. పచ్చ రంగు ఒరిజినల్ కంటే ఒక మెట్టు లేతగా ఎంచుకోండి, చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా నల్లగా కనిపిస్తది. ఇసుక రంగు పట్టీలు మీ ఫోటోలో ఎట్లుంటే అట్ల.

మన ఆర్మీ నంబర్లు ఏ కిట్‌లోనూ రావు. పైకి చూసే బాణం, తర్వాత అంకెలు. డీకాల్ పేపర్ (నీళ్లలో తడిపి అతికించే పల్చటి స్టిక్కర్) మీద ప్రింట్ చేద్దామని అందరికీ వచ్చే ఆలోచనే, కానీ ఇంట్లో ప్రింటర్‌కి తెల్ల ఇంకు ఉండదు, పారదర్శక పేపర్ మీద తెల్ల అంకెలు రావు. తెల్ల డీకాల్ పేపర్ కొని, చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ రంగు ప్రింట్ చేసి, అంకెలు మాత్రం ఖాళీ వదిలిన, నంబర్ పట్టీ నల్లగా ఉన్న ఫోటో ఎంచుకోవడం వల్ల బతికిపోయిన, పచ్చ రంగు కలపాల్సి వస్తే అయ్యేది కాదు. అసలు నంబర్ కాకుండా రెండు అంకెలు మార్చి వేసుకోండి, నేను అట్లనే చేసిన.

దుమ్ము ఆఖర్న. తుప్పు అనేది ట్రాక్‌లకి, కుడివైపు పైన ఉన్న ఎగ్జాస్ట్ జాలీకి, టో కేబుల్‌కి సరిపోతది. ట్రాక్ గోధుమ రంగు వేసి నేలకి తగిలే చోట 6బీ పెన్సిల్ రుద్దండి, అరిగిన ఉక్కు మెరుపు వస్తది. మనుషులు కాలు పెట్టి ఎక్కే అంచులకి గిన్నెలు తోమే స్పాంజ్ ముక్కతో ముదురు గోధుమ చుక్కలు, అవి కూడా లెక్కపెట్టి. మూలల్లో నీడకి ఆయిల్ పెయింట్ బర్న్ట్ అంబర్ టర్పెంటైన్‌లో పల్చగా కలిపి రాయొచ్చు, కానీ ముందు వార్నిష్ కోటు ఉండాలె, వట్టి ప్లాస్టిక్ మీద పడితే పగుళ్లొస్తయ్.

రెండో బండికి నేను పరేడ్ ఫోటో తీసుకున్న, తుప్పు లేదు, దుమ్ము లేదు, అన్ని అతుకులకీ వెల్డ్. నాన్నకి ఇచ్చినప్పుడు గోరుతో మళ్లీ అదే చోట రాసి చూసిండు, కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "ఈ మూల కొంచెం దొడ్డుగ పడ్డది" అన్నడు. అమ్మ పక్కనుంచి "ముప్పై ఏండ్లు పని చేసి ఒక్క మాట చెప్పలే, ఇప్పుడు బొమ్మకి చెప్తుండు" అంది.

మీరు ట్రాక్‌లు అతికించే ముందు రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, లింకుల దిశ చూసి చెప్త.