5 వేల డాలర్ల పాత ఎయిర్‌స్ట్రీమ్: కొనొచ్చు, కానీ ఇంటి మీద అప్పు తీసి మాత్రం కాదు

ప్రశ్న: మాది విజయవాడ. నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు ఉండేది, నా సెలవులన్నీ అక్కడే గడిచాయి, రివెట్లు కొట్టడం, వెల్డింగ్ బాగానే వచ్చు. ఇప్పుడు టెక్సస్‌లో ప్లేనోలో ఉంటున్నాం. నేనూ మా ఆవిడా ఇద్దరం హెచ్-1బి మీదే ఉద్యోగాలు చేస్తున్నాం, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. పిల్లలకు 9, 6 ఏళ్లు. తెలిసిన ఒక పెద్దాయన తన పొలంలో పదేళ్లకు పైగా వదిలేసిన 1973 ఎయిర్‌స్ట్రీమ్ ట్రేడ్‌విండ్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడకలూ వంటగదీ ఉండే అల్యూమినియం క్యాంపింగ్ ట్రైలర్, 25 అడుగులది, 5,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. బాగుచేయడానికి షాపువాళ్లు 38,000 అడిగారు, నేనే చేసుకుంటే 20,000లో అయిపోతుందని నా అంచనా. సేవింగ్స్‌లో 40,000 ఉన్నాయి, నెలకు ఇంకో 2,500 మిగులుతాయి. సేవింగ్స్ ముట్టుకోకుండా ఇంటి మీద హెలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి తీసే అప్పు) తీసుకుని, మేము వాడనప్పుడు ట్రైలర్‌ను అద్దెకిస్తే వాయిదాలు వచ్చేస్తాయని ప్లాన్. మా కారు టొయోటా హైలాండర్. మా ఆవిడ ససేమిరా అంటోంది. మీరేమంటారు?

జవాబు: ముందే చెప్పేస్తాను, హెలాక్ విషయంలో మీ ఆవిడ వైపే నేను. ట్రైలర్ విషయంలో మాత్రం పూర్తిగా వద్దనను. ఈ పాత అల్యూమినియం ట్రైలర్లంటే నాకు ఇష్టం, వాటి గురించి దొరికిందల్లా చదువుతుంటాను, పైగా రివెట్ తుపాకీ పట్టుకోవడం వచ్చిన మనిషి అడుగుతున్నాడంటే అది మామూలు సరదా కాదని తెలుసు. కానీ మీ లెక్కలో రెండు పెద్ద అంకెలు లేవు, ఒక పెద్ద రిస్కు కూడా లేదు. వాటి సంగతి తేలాక 5,000 గురించి మాట్లాడుకుందాం.

మొదటిది కారు. ఆ ట్రేడ్‌విండ్ ఖాళీ బరువే 4,000 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 30 గాలన్లు నింపితే 250 దాకా అక్కడే పోయాయి. ఆ పైన గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, ఏసీ, పరుపులు, నలుగురి బట్టలు, మనవాళ్లు కాబట్టి కుక్కరూ బియ్యమూ పచ్చళ్లూ ఎలాగూ తప్పవు, అన్నీ కలిస్తే 5,000 దాటుతుంది. హైలాండర్ లాగగలిగేది గరిష్ఠంగా 5,000 పౌండ్లు, హైబ్రిడ్ అయితే 3,500. ఇంకోటి, ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కారు వెనక దాన్ని తగిలించే హిచ్ మీద పడుతుంది, అంటే 500 పౌండ్ల పైమాటే, అదంతా మీ కారు మోయాల్సిన బరువులోకే వస్తుంది, అప్పటికే అందులో మీరు నలుగురూ కూర్చుని ఉంటారు. డ్రైవర్ డోర్ తీస్తే అంచున స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామాన్లూ కలిపి ఎంత మించకూడదో దాని మీద రాసి ఉంటుంది, ఈ రాత్రికే వెళ్లి చూడండి. నా అంచనా, మీకు పికప్ ట్రక్కు తప్పదు. హైలాండర్ అమ్మేసి కాస్త మంచి సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొన్నా పైన ఎంతో కొంత వేసుకోవాలి. 25,000 అనుకున్న ప్రాజెక్టు ఇక్కడే 35,000, 40,000 వైపు జరిగిపోతుంది.

రెండోది చోటు. ప్లేనో, ఫ్రిస్కో వైపు చాలా హెచ్‌ఓఏలు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘాలు) డ్రైవ్‌వేలో ట్రైలర్ పెట్టనివ్వవు. స్టోరేజీలో పెడదామంటే నెలకు 100 అనుకున్నా ఏడాదికి 1,200. అసలు చిక్కు అద్దె కూడా కాదు, చాలా స్టోరేజీల్లో బండి పెట్టుకోనిస్తారు కానీ అక్కడ పని చేసుకోనివ్వరు. నేల పీకి, ఛాసిస్ గ్రైండ్ చేసి వెల్డింగ్ పెట్టే పని ఎక్కడ చేస్తారు? మీ ఉత్తరంలో దీనికి జవాబు లేదు. ఆటోనగర్‌లో నాన్నగారికి షెడ్డు ఉండేది, కరెంటు ఉండేది, ఏ పార్టు కావాలన్నా పక్క వీధిలో దొరికేది. మీకు పనితనం వచ్చింది కానీ ఆ షెడ్డు రాలేదు. అందుకే ఆ పెద్దాయనతో బేరమాడేటప్పుడు ధర తగ్గించమనడం కన్నా, ఒక ఏడాది అక్కడే ఉంచి పని చేసుకోనిస్తారా అని అడగండి. ఆయన సరేనంటే 5,000కే తీసుకున్నా మీకు లాభమే.

ఇక రిస్కు. మీరిద్దరూ హెచ్-1బి. ఉద్యోగం పోతే గ్రేస్ పీరియడ్ ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం చూసుకోవాలి, అవసరమైతే ఇల్లు అమ్మాలి, పిల్లల స్కూలు సంగతి చూడాలి. ఆ సమయంలో నేల ఊడదీసి, గోడల లోపలి రేకులు విప్పి, యాక్సిల్ కింద దిమ్మలు పెట్టి ఉన్న ట్రైలర్ మీ చేతిలో ఉంటే దాన్ని ఎవరు కొంటారు? ముట్టుకోకుండా వదిలేసిన ట్రైలర్‌కైనా 5,000 వస్తుందేమో కానీ సగం విప్పినదానికి అది కూడా రాదు, ఎందుకంటే ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ ముక్క ఏ పెట్టెలో ఉందో విప్పినవాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు. పైగా హెలాక్ వాయిదా ఆగదు. 25,000కి ఎనిమిది శాతం అనుకుంటే వడ్డీయే ఏడాదికి 2,000. ఇంటి మీద తీసిన అప్పును ట్రైలర్‌కు వాడితే ఆ వడ్డీకి టాక్సులో తగ్గింపు రాదు, ఆ డబ్బు ఆ ఇంటికే వాడితేనే వస్తుంది. ఇద్దరి స్టేటసూ ఉద్యోగాలతో ముడిపడి ఉన్నప్పుడు తలదాచుకునే ఇంటిని ఒక సరదాకి తాకట్టు పెట్టొద్దు, ఈ ఒక్కదాంట్లో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఆ 40,000 కూడా ట్రైలర్ డబ్బు కాదు. ఒకరి జీతం ఆగినా ఇల్లు నడవడానికి, ఇద్దరివీ ఆగితే సామాన్లు సర్దుకుని వెళ్లడానికి అది. దాన్ని ముట్టుకోకూడదన్న మీ ఆలోచన సరైనదే, బదులుగా అప్పు చేద్దామన్నదే తప్పు.

అద్దె సంగతి. ట్రైలర్ అద్దెకిచ్చి, బుకింగులు చూసుకుంటూ, శుభ్రం చేయించి, తాళాలు అప్పగించడం వ్యాపారం చేయడమే అవుతుంది. హెచ్-1బి మీద మీ స్పాన్సర్ ఉద్యోగం తప్ప వేరే పని చేయకూడదు. ఇల్లు కొని మేనేజరుకి అప్పగించి అద్దె తీసుకోవడం వేరు, ఇది వేరు. చుట్టుపక్కల అందరూ చేస్తున్నారు కదా అని మొదలుపెట్టకండి, గ్రీన్ కార్డు క్యూలో ఇన్నేళ్లు నిలబడి వారానికి కొన్ని వందల కోసం దాన్ని ప్రమాదంలో పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఇమిగ్రేషన్ లాయరు రాతపూర్వకంగా సరేనంటే తప్ప అద్దె ఆదాయం సున్నా అనే వేసుకోండి. బాగుచేసి లాభానికి అమ్మేద్దామన్నా లాభం వస్తే టాక్సు కట్టాలి, సొంత వాడకానికి కొన్నదాని మీద నష్టం వస్తే మాత్రం టాక్సులో ఏమీ తగ్గదు. అందుకే దీన్ని పెట్టుబడి అనొద్దు. ఇది ఖర్చు, పిల్లలతో గడపడానికి పెట్టే ఖర్చు, ఆ పేరుతోనే రాసుకోండి.

ఆ ఖర్చు ఎంతో కూడా చూద్దాం. ట్రక్కు పక్కన పెట్టి, మొత్తం 25,000 పెట్టారనుకుందాం, ఎనిమిదేళ్లు వాడి 15,000కి అమ్మారనుకుందాం. అక్కడ పోయింది 10,000. స్టోరేజీ, ఇన్సూరెన్స్, టైర్లు, చిల్లర రిపేర్లు కలిపి ఏడాదికి 2,000 చొప్పున 16,000. వెరసి 26,000. ఏడాదికి 15 రాత్రులు వాడితే 120 రాత్రులు, రాత్రికి 217 డాలర్లు పడింది, క్యాంప్‌గ్రౌండ్ అద్దె కాకుండా. రిపేరుకు అనుకున్న ఆ 20,000 పెద్దబ్బాయో అమ్మాయో కాలేజీకి 529 అనే చదువుల పొదుపు ఖాతాలో వేస్తే, ఏడు శాతం పెరుగుతుందనుకుంటే తొమ్మిదేళ్లకు దాదాపు 36,800 అవుతుంది. ఇది చెప్పేది భయపెట్టడానికి కాదు. 401కె రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ తన వంతుగా కలిపే డబ్బు (మ్యాచ్) పూర్తిగా తీసుకుంటూ, పిల్లల డబ్బు పక్కన వేస్తూ, ఆ పైన నెలకు 2,500 మిగులుతుంటే అందులో సగం మీకు ప్రాణంగా ఉన్న పని మీద పెట్టడం దుబారా అని నేననను. రాత్రులు 15 కాకుండా 30 అయితే లెక్క సగానికి పడుతుంది, అందుకే ఎన్ని రాత్రులు నిజంగా వెళ్తారన్నది ముఖ్యం. కొనకముందే ఏదైనా ట్రైలర్ అద్దెకు తీసుకుని (క్యాంప్‌గ్రౌండ్‌కి తెచ్చి పెట్టిచ్చేవాళ్లు కూడా ఉంటారు) స్ప్రింగ్ బ్రేక్‌లో ఇంక్స్ లేక్‌కో టైలర్ స్టేట్ పార్కుకో వెళ్లి రండి. మీ ఆవిడకి ఆ ఇరుకు, ఆ చిన్న బాత్రూమ్ పడతాయో లేదో రెండు రాత్రుల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు ట్రైలర్ దగ్గరికి వద్దాం. ఎయిర్‌స్ట్రీమ్ పై తొడుగు చాలా గట్టిది, రివెట్లు కొట్టి నిలబెట్టిన అల్యూమినియం, ఏళ్ల తరబడి ఎండలో ఉన్నా మెరుపు పోతుంది కానీ పాడవదు. 1969లో చంద్రుడి మీద నుంచి వచ్చిన అపోలో 11 వాళ్లను విడిగా ఉంచింది కూడా మార్చి కట్టిన ఎయిర్‌స్ట్రీమ్‌లోనే. పాడయ్యేది కింద. నేల ప్లైవుడ్. కిటికీల చుట్టూ, వెనక బంపర్ దగ్గర సీలెంట్ ఎండిపోయి పగిలితే నీళ్లు గోడ లోపలి నుంచి దిగి ప్లైవుడ్ అంచులోకి చేరతాయి. పై తొడుగు, నేల, ఛాసిస్ మూడూ కలిసి బోల్టులతో ఒకే బాడీగా పనిచేసేలా కట్టింది కాబట్టి ఆ అంచు పుచ్చితే బోల్టులకు పట్టు ఉండదు, వెనక భాగం ఛాసిస్ నుంచి విడిపోతుంది. డెబ్బైల నాటి ఎయిర్‌స్ట్రీమ్‌లకు బాగా పేరుపడ్డ జబ్బు ఇది.

చూడటం తేలిక. వెనక బంపర్ మీద నిలబడి ఊగండి, ఒకరిని పక్కన కూర్చుని బంపర్‌కీ తొడుగుకీ మధ్య సందు చూడమనండి. బంపర్ మీతో పాటు కిందికి దిగుతూ తొడుగు కదలకుండా ఉంటే విడిపోయినట్టే. తర్వాత లోపలికెళ్లి స్క్రూడ్రైవర్‌తో తలుపు దగ్గర, కిటికీల కింద, వెనక మూలల్లో, బాత్రూమ్ కింద నేలను పొడవండి. టక్కుమని ఆగితే మంచిది, కేకులోకి దిగినట్టు దిగితే నేల పోయింది. చక్రాల దగ్గర వంగి యాక్సిల్ నుంచి చక్రానికి వెళ్లే చేతిని చూడండి, లోపల రబ్బరు కడ్డీలే స్ప్రింగులు, అవి బాగుంటే ఆ చెయ్యి కిందికి వాలి ఉంటుంది. అడ్డంగానో పైకో తిరిగి ఉంటే రబ్బరు చచ్చిపోయినట్టు, రెండు యాక్సిళ్లూ మార్చాలి. ఫ్రిజ్ వెనక పసుపు పొడి కనిపిస్తే అది లీకయింది, దాని మీద ఆశ వదులుకోండి. ఎలుకలు ఉండి ఉంటాయి, మాస్కు లేకుండా ఇన్సులేషన్ పీకొద్దు.

వెనక విడిపోయి, నేల చుట్టూ పుచ్చి ఉంటే పై తొడుగు మొత్తం లేపి చేయాల్సిన పని. మీ 20,000 అంచనా అక్కడ నిలబడదు, పొలంలో వదిలేయండి, ఎంత తగ్గించినా వద్దు. అలా కాకుండా పుచ్చింది ఒకటి రెండు చోట్లే అయితే తీసుకోండి, కానీ పని వరస ఇలా పెట్టుకోండి. ముందు నీళ్లు రాకుండా సీళ్లు. తర్వాత యాక్సిళ్లు, బ్రేకులు, టైర్లు, లైట్లు. ఇక్కడికి వచ్చాక ఎవరికైనా అమ్మగలిగే వస్తువు అవుతుంది, రోడ్డెక్కుతుంది కాబట్టి. ఆ తర్వాతే నేల, అది కూడా ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకు కావాల్సిన మొత్తం డబ్బు చేతిలో పెట్టుకున్నాకే విప్పండి. గ్యాస్ లైను, కరెంటు వైరింగు చేసేది మీరే అయినా చివర్లో లైసెన్సు ఉన్నవాళ్లతో చెక్ చేయించండి, ఆ కాలం వాటిల్లో కొన్నింటికి అల్యూమినియం వైర్లు ఉంటాయి, పిల్లలు పడుకునే చోటు అది. కార్బన్ మోనాక్సైడ్ అలారం మర్చిపోవద్దు. కప్‌బోర్డులు, పరుపులు, అందాలన్నీ ఆఖరికి. నెలకు 1,200 విడిగా ఒక ఖాతాలో వేస్తూ పోతే 20 నెలలకు 24,000, మీ బడ్జెట్ అదే, దానికి మించితే ఆగడమే. ట్రక్కు ఇప్పుడే కొనకండి, రోడ్డెక్కే దశ వచ్చాక చూడొచ్చు.

టైటిల్ (యాజమాన్య పత్రం) ఆయన పేరు మీద ఉందో లేదో చూసి, దాని మీది నంబరూ ట్రైలర్ మీది నంబరూ కలుస్తున్నాయో సరిచూసుకోండి. లేకపోతే టెక్సస్‌లో బాండు హామీతో తీసుకునే బాండెడ్ టైటిల్‌కి విలువకు ఒకటిన్నర రెట్లు బాండు పెట్టాల్సి వస్తుంది, ఆ తిప్పలు ఆయన్నే పడమనండి. ఇన్సూరెన్స్ చేసేటప్పుడు ముందే ఒప్పుకున్న విలువకు పాలసీ ఇచ్చే కంపెనీని చూసుకోండి, లేదంటే ప్రమాదమైతే 50 ఏళ్ల నాటి ట్రైలర్ ధర కట్టి చేతులు దులుపుకుంటారు. ఇలాంటి బళ్లు నిలుపుకునే ప్రైవేటు ఆర్‌వీ పార్కులు కొన్ని పదేళ్లు దాటిన వాటిని రానివ్వవు, స్టేట్ పార్కుల్లో ఆ బాధ లేదు.

ఇదంతా చదివాక ట్రక్కు, షెడ్డు రెండూ కుదరవనిపిస్తే, 16 అడుగుల స్కాంప్ లాంటి ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లు చూడండి. గోడల్లో చెక్క ఫ్రేమ్ ఉండదు, మీ హైలాండర్ హాయిగా లాగుతుంది, నలుగురికీ కాస్త ఇరుకే కానీ ఈ వేసవికే బయల్దేరొచ్చు. ఎయిర్‌స్ట్రీమే కావాలంటే ఎవరో ఇప్పటికే బాగుచేసి అమ్ముతున్నవి కూడా చూడండి, పెట్టిన డబ్బంతా అమ్మకంలో వెనక్కి రావడం అరుదు కాబట్టి ఆ నష్టం వాళ్లు భరించాక మీరు కొనుక్కోవచ్చు.

ఈ శనివారం వెళ్లి బంపర్ మీద నిలబడి చూడండి, మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి, సందు చూసే మనిషి ఎలాగూ కావాలి. చూశాక షాపువాళ్లు ఇచ్చిన 38,000 కొటేషన్ ఐటమ్ వారీగా నాకు పంపండి. అందులో మీ చేతులతో అయ్యేవి ఏవి, డబ్బు పెట్టాల్సినవి ఏవి అని విడగొట్టి, ఆ పెద్దాయనకు ఎంత చెప్పాలో మళ్లీ రాస్తాను.