“ఫోటో ఎప్పుడిస్తారు నాయనా?” అని అడిగింది మా అమ్మ

ప్రశ్న: విమానాశ్రయాల్లో డిజియాత్ర వాడటం మంచిదేనా? ప్రయాణికుల ప్రైవసీ, స్వేచ్ఛ కాపాడాలంటే ఏం మారాలి?

డిజియాత్ర అంటే గేటు దగ్గర కార్డు చూపించే బదులు కెమెరాకు మొహం చూపించి లోపలికి పోయే పద్ధతి. నేను వాడను. మా ఇంట్లో ఎవరినీ వాడనివ్వను. కారణం మా అమ్మ.

మాది కడప. పోయిన ఏడాది పుణెలో ఉండే తమ్ముడికి పాప పుడితే, అమ్మను తీసుకుని బయలుదేరాను. మా ఊరి ఎయిర్‌పోర్టు 2015లో మళ్ళీ మొదలైంది గానీ, ఇక్కడి నుంచి ఎగిరే విమానాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే రాత్రి బస్సెక్కి ఒక పెద్ద నగరానికి పోయి, పొద్దున్నే అక్కడ విమానం ఎక్కాలి. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. విమానం ఎక్కడం అదే మొదలు. ట్రంకుపెట్టెలో దాచుకున్న పట్టుచీర కట్టుకుంది.

గేటు దగ్గర నేను బ్యాగులు దించుకుంటున్నాను. ఇంతలో ట్యాబ్ పట్టుకున్న ఒక కుర్రాడు అమ్మ చేతిలోని టికెట్ కాగితం తీసుకుని స్కాన్ చేశాడు. హిందీలో ఏదో చెప్పి, ట్యాబ్ ఆమె మొహం ముందు పెట్టాడు. అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. ఆమెకు అర్థమైంది ఒకటే, ఫోటో తీస్తున్నారని. కొంగు సర్దుకుంది, బొట్టు చెరిగిందేమోనని వేలితో తడుముకుంది, కదలకుండా నిలబడింది. అయిపోయాక నా వైపు తిరిగి, “ఫోటో ఎప్పుడిస్తారు నాయనా?” అని అడిగింది.

ఆ మాట విన్నప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. ఇది కచ్చితంగా ఇవ్వాల్సిందేనా అని ఆ కుర్రాడిని నిలదీశాను. “కంపల్సరీ కాదు సార్, లైన్ తొందరగా పోతుంది, అంతే” అన్నాడు. కంపల్సరీ కాదన్న మాట మా అమ్మకు ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి? తీసేయమంటే, తన చేతిలో లేదు, యాప్‌లో చూసుకోండి అన్నాడు. అమ్మది బటన్ ఫోను.

డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది. చాలామంది దాన్ని ప్రభుత్వ శాఖ అనుకుంటారు. కాదు. 2019లో పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ అది. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ వాటా 26 శాతమే. మిగతాది బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్, ముంబై, కొచ్చి ఎయిర్‌పోర్టు కంపెనీలది. వివరాలు మీ ఫోన్లోనే ఉంటాయి, విమానం పోయిన 24 గంటల్లో మా దగ్గర చెరిపేస్తాం అంటారు. చెరిపారో లేదో మా అమ్మ ఎక్కడికి పోయి చూసుకోవాలి?

భద్రత కోసం కదా అనే వాళ్ళకు ఒక మాట. బ్యాగు మెషిన్లో పెట్టమనండి, పెడతాను. ఒళ్ళంతా తడమమనండి, చేతులు చాపి నిలబడతాను. కత్తి ఉందా లేదా అన్నది మొహం చూస్తే తెలిసేది కాదు. ఇంతకాలం గేటు దగ్గర జవాను టికెట్, ఆధార్ కార్డు చూసి, మన మొహం చూసి, కార్డు తిరిగి మన చేతికే ఇచ్చేవాడు. ఏమీ ఉంచుకునేవాడు కాదు. నాకు కావాల్సింది అదే. చూడండి, ఇచ్చేయండి.

లోపల అంగళ్ళలో నీళ్ళ బాటిల్ కొన్నా బోర్డింగ్ పాస్ అడుగుతారు. ఆ రోజు బిస్కెట్ ప్యాకెట్‌కు కూడా అడిగారు. ఎందుకంటే చెప్పరు. డబ్బిస్తున్నాను కదా, నేను ఏ ఊరికి పోతున్నానో అంగడి వాడికి ఏం పని? ఇంకో సంగతి, బోర్డింగ్ పాస్ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోకండి. దాని మీద ఉండే పీఎన్ఆర్, మీ ఇంటిపేరు ఉంటే చాలు, చాలా విమాన కంపెనీల సైట్లలో మీ బుకింగ్ తెరిచేయొచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా కువైట్ వాళ్ళు పడేది ఒక ఎత్తు. కడప జిల్లాలో కువైట్‌కు పోయిన మనిషి లేని వీధి ఉండదు. మా పెద్దమ్మ కూతురు అక్కడ ఇంటిపనికి పోయింది. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఆమెది ఈసీఆర్ పాస్‌పోర్టు. అంటే 1983 వలస చట్టం కింద కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే విడిగా అనుమతి ఉండాలి. ఏజెంట్ల మోసాల నుంచి కాపాడటానికే పెట్టారు, ఒప్పుకుంటాను. కానీ అన్ని కాగితాలు సరిగ్గా ఉన్నా, ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అందరూ వినేటట్టు “మీ ఆయన ఏం చేస్తాడు? పిల్లల్ని ఎవరికి వదిలిపెట్టావు?” అని అడిగారంట. వెనక లైన్లో మా ఊరి వాళ్ళే ఉన్నారు. ఫోన్లో అది చెప్తూ అక్క ఏడ్చింది. అదే కౌంటర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయిని ఆ ప్రశ్న అడుగుతారా?

2018 జనవరిలో ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నారు. చదువుకోలేదని దూరం నుంచే తెలిసిపోయేటట్టు! కేరళ నుంచి గట్టిగా వ్యతిరేకత వచ్చింది, అదే నెలాఖరులో వెనక్కి తీసుకున్నారు. మన జిల్లాల నుంచి అంత గట్టిగా గొంతు లేవలేదని నాకు ఇప్పటికీ బాధే.

ఏం మారాలి అంటారా? చట్టం కాగితం మీద బాగానే ఉంది. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో చెప్పింది. 2023 డేటా చట్టం, మన వివరాలు తీసుకునేటప్పుడు ఇచ్చే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో మనం కోరిన దాంట్లో ఇవ్వాలంటుంది. తెలుగు అందులో ఉంది కదా. అయితే గేటు దగ్గర “మొహం ఇవ్వడం మీ ఇష్టం” అని తెలుగులో పెద్ద బోర్డు పెట్టమనండి. అడగకుండా ట్యాబ్ ఎత్తే మనిషిని పక్కకు పంపమనండి. మామూలు లైన్లో మనుషుల్ని తగ్గించి, జనం విసిగిపోయి మొహం ఇచ్చేటట్టు చేయడం ఆపమనండి.

తిరుగు ప్రయాణంలో, విమానంలో ఏముందో చూడాలనే ఆత్రం అమ్మకు లేదు. గేటు రాకముందే ఆధార్ కార్డు చేతిలో పట్టుకుంది. ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి దగ్గరికి రాగానే కార్డు ముందుకు చాపి, “ఇది చూడు తల్లీ, మొగం ఒద్దు” అనింది. ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా అర్థమైంది. మామూలు లైన్ చూపించింది. పది నిమిషాల్లో లోపలికి పోయాము.