‘నాన్న వద్దు, అమ్మే కావాలి’ అంటోంది మా పాప

ప్రశ్న: మా పాపకు 2 ఏళ్ల 3 నెలలు. నేను ఉదయం వెళ్లి చీకటి పడ్డాక ఇంటికి వస్తాను. గుమ్మంలో నన్ను చూడగానే పరుగెత్తుకొస్తుంది, అంతే. ఆ తర్వాత నేను నీళ్లిస్తే తాగదు, బట్టలు మార్చబోతే ఏడుస్తుంది, పడుకోబెడదామని వెళితే ‘నాన్న వద్దు, అమ్మ’ అంటూ తోసేస్తుంది. దాని చేష్టలు కూడా నాకు అర్థం కావడం లేదు. నీలం కప్పులో పోయకపోతే నీళ్లు ముట్టదు. బిస్కెట్ విరిగితే అతికించమని నేల మీద పొర్లి ఏడుస్తుంది. అరచేయంత బొమ్మ కారులో పాదం దూర్చి కూర్చోవాలని చూస్తుంది. చొక్కా గుండీలు తానే పెట్టుకోవాలి. మేం చెయ్యి వేస్తే అన్నీ విప్పేసి మళ్లీ మొదలుపెడుతుంది. రోజూ ఒకటే కథ చదవమంటుంది. నేను సరిచేయబోతే పెద్ద గొడవ. నా భార్య మాత్రం వీటికి నవ్వుకుంటుంది. మా అమ్మేమో గారాబం ఎక్కువైందంటోంది. పాపకు నా మీద ప్రేమ లేదా? ఇప్పుడే అదుపులో పెట్టకపోతే మొండిగా తయారవుతుందా?

జవాబు: ప్రేమ ఉంది. గుమ్మంలో మిమ్మల్ని చూడగానే పరుగెత్తుకొస్తోందని మీరే రాశారు, ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఈ వయసు పిల్లలు తల్లిదండ్రుల్లో ఒకరిని పట్టుకుని రెండోవారిని తోసేయడం చాలా ఇళ్లలో జరిగేదే. రోజంతా పక్కన ఉన్న మనిషికి పాప పనుల వరస తెలుసు: ఏ చెప్పు ముందు వేయాలి, దుప్పటి ఎంతవరకు కప్పాలి, దీపం ఎప్పుడు ఆర్పాలి. మీకు ఆ వరస ఇంకా తెలియదు. నిద్ర ముంచుకొస్తున్న వేళ ఆ వరస తప్పడం పాపకు ఇష్టం లేదు. అంతకు మించి ఆ ‘వద్దు’లో ఏమీ వెతకకండి. కొన్ని నెలలు పోయాక ఇదే పాప ‘అమ్మ వద్దు, నాన్నే’ అని మీ వెంటపడవచ్చు. అప్పుడు మీ భార్య నొచ్చుకోకుండా చూడవలసిన పని మీది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇంకొకటి ఉంది. మీరు సరిచేయబోతే గొడవ, మీ భార్య నవ్వుకుంటుంది అన్నారు. ఉన్నది ఒకే పాప, చేసేవి అవే చేష్టలు. మీ జాబితాలో అవి తప్పులు, ఆమె జాబితాలో ముచ్చట్లు. సాయంత్రం ఇంటికి వచ్చిన కాసేపట్లో మీరు పాపతో గడుపుతున్న సమయంలో ఎక్కువ భాగం సరిచేయడానికే పోతోందని నాకు అనిపిస్తోంది. మీ తగువు పాపతో కాదు, ఆ వింతలతో. ఆ వింతలు ఎందుకు వస్తున్నాయో తెలిస్తే ఆ తగువు చాలావరకు పోతుంది, మీ భార్యకు దొరుకుతున్న సంతోషం మీకూ దొరుకుతుంది.

బొమ్మ కారు సంగతే చూడండి. అందులో కూర్చోబోవడం తెలివితక్కువతనంలా కనిపిస్తుంది. కానీ ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య పిల్లలు ఇలా చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. జూడీ డిలోచ్, ఆమె సహచరులు 2004లో దీని మీద పరిశోధన ప్రచురించారు. పిల్లలను ముందు మామూలు కుర్చీ, జారుడుబల్ల, లోపల కూర్చుని నడిపే కారుతో ఆడుకోనిచ్చారు. తర్వాత పిల్లలు గదిలో లేనప్పుడు వాటిని తీసేసి, చూడటానికి అచ్చం అలాగే ఉండే బుల్లి బొమ్మలు పెట్టారు. తిరిగొచ్చిన పిల్లల్లో కొందరు ఆ బుల్లి కుర్చీ మీద కూర్చోబోయారు, బుల్లి కారు తలుపు తెరిచి పాదం దూర్చబోయారు. ఆట పట్టించడానికి కాదు, ఎంతో శ్రద్ధగా. ‘ఇది కారు, ఇందులో కూర్చుంటారు’ అన్న జ్ఞానం ముందుకు ఉరుకుతుంది, ‘ఇది నాకు పట్టదు’ అన్న కొలత ఇంకా దాన్ని ఆపలేకపోతుంది. ఎదిగేకొద్దీ ఇది తనంతట తానే పోతుంది. ఎవరూ మాన్పించనక్కర్లేదు. కాబట్టి కారు లాక్కుని పాఠం చెప్పకండి. పక్కన నేల మీద కూర్చుని, ఆ పాదం ఎంతవరకు దూరుతుందో పాపతోపాటు మీరూ చూడండి.

విరిగిన బిస్కెట్ కోసం వచ్చే ఏడుపు ఇంకా లోతైనది. రెండో ఏడు నిండే నాటికి పిల్లల మనసులో ప్రతి వస్తువుకూ ‘ఇది ఇలా ఉండాలి’ అన్న రూపం ఏర్పడుతుంది. జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో ప్రచురించిన పరిశీలనల్లో దీని గురించి వివరంగా చెప్పారు. ఏడాదిన్నర దాటిన పిల్లలు పగిలిన ఆటవస్తువును, ఊడిపోయిన గుండీని, బట్ట మీది మరకను పట్టి చూపిస్తారు, కలవరపడతారు. అంతకుముందు అవి వాళ్లకు పట్టవు. సరిగా ఉన్నది, లేనిది అన్న తేడా తెలిసి వస్తున్న తొలి రోజులివి. మంచీ చెడూ అన్న ఎరుక కూడా ఇక్కడి నుంచే పెరుగుతుందని కేగన్ భావించారు. పాప దృష్టిలో రెండు ముక్కలైన బిస్కెట్ ఇక బిస్కెట్ కాదు. రుచి ఒకటేనని మీరు ఎంత నచ్చజెప్పినా లాభం లేదు, తనకు బాధ రుచి గురించి కాదు కదా. ‘విరిగిపోయింది. నీకు మొత్తంది కావాలి. ఇది అతకదు తల్లీ’ అనండి, ఏడవనివ్వండి. ఇంకొకటి ఉంటే ఇవ్వవచ్చు. దానివల్ల పాప చెడిపోదు.

నీలం కప్పు వేరే సంగతి. రోజు మొత్తంలో పాప చేతిలో ఉన్న నిర్ణయాలు ఎన్నని చూడండి. ఎప్పుడు లేవాలి, ఏమి వేసుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి, అన్నీ పెద్దవాళ్లే తేలుస్తారు. కప్పు రంగు ఒక్కటి తన సొంతం. దాన్ని తనకే వదిలేయండి. అలాంటిదే మరొకటి కొని దాచిపెట్టండి కూడా, ఎందుకంటే ఉన్నది ఏదో ఒకరోజు పగులుతుంది.

గుండీల దగ్గర మాత్రం మీకు నిజమైన ఓపిక కావాలి. ఈ పట్టుదల పాపకు కొత్త కాదు, నడక నేర్చుకున్నదీ దీనితోనే. మనస్తత్వ శాస్త్రవేత్త కేరెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకు 17 సార్లు! అలా పడి లేచిన రోజుల్లో మీరెవరూ ‘నీవల్ల కాదు’ అని ఉండరు, చప్పట్లు కొట్టి ఉంటారు. గుండీ దగ్గరికి వచ్చేసరికి మనకు తొందర. బయలుదేరే వేళకు పావుగంట ముందే చొక్కా చేతికివ్వండి. కింది గుండీ పాపది, మెడ దగ్గరిది నాన్నది అని పంచుకోండి. కింది గుండీ తన కళ్లకు కనబడుతుంది కాబట్టి సులువు, మెడ దగ్గరిది ఎంత పట్టుదల ఉన్నా ఆ చేతులకు కుదరదు. అన్నీ విప్పేసి మళ్లీ మొదలుపెడితే పెట్టనివ్వండి.

ఒకే కథ మీకు విసుగు పుట్టిస్తుంది, నిజమే. పాపకు అది అవసరం. మూడేళ్ల పిల్లల మీద జరిపి 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ చదివి వినిపించారు, మరికొందరికి అవే కొత్త పదాలున్న వేర్వేరు కథలు వినిపించారు. కొత్త పదాలు చెవిన పడింది సమానమైనన్ని సార్లే. అయినా ఒకే కథ విన్న పిల్లలకే ఆ పదాలు బాగా వచ్చాయి. ముందు ఏమి జరుగుతుందో తెలిసిపోయాక పిల్లల ధ్యాస మాటల మీదికి మళ్లుతుంది. ఈసారి చదివేటప్పుడు వాక్యం చివరి మాట దగ్గర ఆగి చూడండి. ఆ మాట పాప చెబుతుంది. అప్పుడు తన ముఖం ఎలా వెలుగుతుందో చూశాక మీరు ఆ కథను దాటవేయాలనుకోరని నా నమ్మకం.

మీరు రాయనివీ కొన్ని ఉండి ఉంటాయి. తాను సగం కొరికినదాన్ని మీ నోట్లో పెట్టబోవడం, మీరు దగ్గితే దగ్గరికొచ్చి ముఖంలోకి చూడటం, తెర వెనక దాక్కుని పాదాలు బయటే ఉంచడం. వీటిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఈ వయసు పిల్లలకు స్వార్థం తప్ప ఏమీ తెలియదని పెద్దలు అంటుంటారు, అది నిజం కాదు. 2006లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, కింద పడిన వస్తువు అందక అవస్థపడుతున్న కొత్త మనిషికి 18 నెలల పిల్లలు, ఏ బహుమానమూ ఆశ చూపకుండానే, దాన్ని తీసి అందించారు. 1997 నాటి మరో పరిశోధనలో ఒకామె బిస్కెట్ రుచి చూసి ముఖం చిట్లించి, బ్రకోలీ అనే కూరగాయను ఇష్టంగా తిన్నట్టు చూపించింది. తర్వాత చెయ్యి చాపితే 14 నెలల పిల్లలు తమకు ఇష్టమైన బిస్కెట్టే ఇచ్చారు. 18 నెలల పిల్లలు మాత్రం ఆమెకు ఇష్టమైన బ్రకోలీ ఇచ్చారు. ఎదుటివారి ఇష్టం తన ఇష్టం ఒకటి కాదని గ్రహించడానికి అంత చిన్న వయసే చాలింది. మీ పాపకు ఇది తెలుసు. మీకేది ఇష్టమో పాపకు చెబుతూ ఉండండి. బట్టలు మడతపెడుతూ ఒక సాక్సు కింద పడేసి, అందనట్టు చెయ్యి చాపి చూడండి.

ఇక సాయంత్రాల సంగతి. మీరు పాపను చూస్తున్నది రోజు మొత్తంలో అతి కష్టమైన వేళలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీ పాప వయసు వీటిలో మొదటిదానికి వస్తుంది. మీరు ఇల్లు చేరేసరికి తన శక్తి అయిపోయి ఉంటుంది. ఆ సమయంలో కొత్త చేతిని ఒప్పుకోమనడం అన్యాయం. అందుకే మొదలు ఉదయం పెట్టండి. పళ్లు తోమించడమో, స్నానం చేయించడమో, చెప్పులు వేయడమో, ఏదో ఒక్క పని ఎంచుకుని రోజూ మీరే చేయండి. ఒక్కటి చాలు, కానీ ఏ రోజూ తప్పకూడదు. ముందు రెండు రోజులు మీ భార్య ఆ పని ఎలా చేస్తుందో, ఏ పాట పాడుతుందో, ఏది ముందు ఏది వెనక అన్నది చూసి నేర్చుకోండి. ఆ తర్వాత మీ పద్ధతి మీకు వస్తుంది, పాప దాన్ని మీ పేరున గుర్తుపెట్టుకుంటుంది.

మొదటి రోజుల్లో ఏడుస్తుంది. అప్పుడు మీ భార్య పక్క గదిలో ఉండాలి, పరుగున వచ్చి పాపను అందుకోకూడదు. మీరూ చిన్నబుచ్చుకుని ‘సరే, వెళ్లు మీ అమ్మ దగ్గరికే’ అని అనకూడదు. ‘అమ్మ కావాలని ఉంది నీకు. అమ్మ అక్కడే ఉంది. ఇప్పుడు స్నానం నాన్నతో’ అనండి, గొంతు పెంచకుండా పని సాగించండి. ఊరడించడానికి ఫోను తీసి చేతిలో పెట్టకండి. రెండేళ్లు నిండిన పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, ఇంకా తక్కువైతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లోనే ఉంది. అదీ గాక, ఫోను చూస్తున్న పాప మీ దగ్గర ఉన్నట్టు కాదు.

మొండితనం గురించి అడిగారు. ఈ వయసులో ఏడుపు తుపానులు మామూలే. 2003లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనంలో అవి ఎక్కువ భాగం ఐదు నిమిషాల లోపే ముగిశాయి. మొదట్లో కోపం ఎగసిపడి తగ్గుతుంది, దిగులు మాత్రం చివరిదాకా ఉంటుంది. కోపం తగ్గిన ఆ క్షణంలో పాపకు ఒళ్లో చోటు కావాలి. మధ్యలో తర్కం చెప్పకండి, అది ఎక్కదు. గట్టిగా నిలబడవలసినవి కొన్ని ఉన్నాయి: కొట్టడం, కొరకడం, రోడ్డు మీదికి పరుగు తీయడం, నిప్పు దగ్గరికి వెళ్లడం. అక్కడ మీ మాట ఎప్పుడూ ఒకటే ఉండాలి, ఇంట్లో ముగ్గురు పెద్దలదీ అదే మాట కావాలి. కప్పు రంగు ఆ జాబితాలోకి రాదు. మీ అమ్మగారితో వాదించకండి. వీటిలో ఎక్కడ కఠినంగా ఉండాలో ఆమెతో కూర్చుని తేల్చుకోండి, మిగతావి వదిలేయమని కొడుకుగా మీరే అడగండి, కోడలి మీద పెట్టకండి.

ఒకే కప్పు, ఒకే కథ అన్న పట్టుదల ఒక్కటే ఉంటే భయపడనక్కర్లేదు. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి సొంతంగా అనకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, నచ్చినదాన్ని వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించాలి. మీ పాప ‘నాన్న వద్దు, అమ్మ’ అని స్పష్టంగా చెబుతోంది, మీ దగ్గరికి పరుగున వస్తోంది. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పెట్టేది లేదు.

చివరగా మీ భార్య గురించి. ఆమె నవ్వుతోంది కాబట్టి అలసిపోలేదనుకోకండి. అన్నింటికీ తానే కావాలని అడిగే పాపతో రోజంతా ఉండటం తేలిక కాదు. ఉదయపు పని మీ చేతికి అలవాటయ్యాక, ఒక సెలవు రోజున ఆమెను రెండు మూడు గంటలు తనకు నచ్చిన చోటికి వెళ్లి రమ్మనండి. వెళ్లేటప్పుడు పాపకు కనబడి, చెప్పి వెళ్లాలి, చాటుగా జారుకోకూడదు. ఆ రెండు మూడు గంటలూ, పాప ఏడ్చినా, ఏమి పెట్టాలో ఎప్పుడు పడుకోబెట్టాలో అడగడానికి ఆమెకు ఫోను చేయకండి.