లైసెన్సులు మార్చే టూల్‌కి డాక్యుమెంట్ రాస్తున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న ఫోన్లో చెప్పావు కదా, ఒక కస్టమర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇంకో కస్టమర్ పేరు మీదకి మార్చే టూల్ ఉంది, దానికి డాక్యుమెంటేషన్ రాయమని నీకు అంటగట్టారని. కొత్తగా చేరినవాళ్లకే ఇస్తారులే ఆ పని, నాకూ అలాగే ఇచ్చారు, నేనూ రెండు గంటల్లో గిలికి పడేశాను. అందుకే ఈ ఉత్తరం.

నేను రాసిన దాంట్లో "రెండు కస్టమర్ ఐడీలు ఇవ్వండి" అని ఉంది, అంతే. ఏది ముందు ఏది వెనక అని లేదు, నాకు తెలుసు కదా, ఇంకెవరికి కావాలి అనుకున్నా. ఒక శనివారం సాయంత్రం సపోర్ట్‌లో కుర్రాడు ఐడీలు అటూ ఇటూ కొట్టాడు. బ్రాంచ్ అమ్మేసినవాళ్ల 40 సీట్లు (ఒక్కో సీటు అంటే ఒకరు వాడుకునే లైసెన్స్) కొన్నవాళ్లకి వెళ్లాలి, వెళ్లలేదు సరికదా కొన్నవాళ్ల దగ్గర ముందు నుంచీ ఉన్న 12 సీట్లు కూడా అమ్మినవాళ్లకి పోయాయి. స్క్రీన్ మీద మాత్రం శుభ్రంగా "సక్సెస్" అని వచ్చింది. సోమవారం పొద్దున్నే తిట్లు ఆ కుర్రాడికి పడ్డాయి, పడాల్సింది నాకు.

కాబట్టి మొట్టమొదటి లైన్లోనే ఎవరి దగ్గర తగ్గుతాయి, ఎవరికి పెరుగుతాయి అన్నది రాసెయ్. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు అని పెట్టుకున్నావా, చివరిదాకా అవే మాటలు, ఒకచోట కస్టమర్, ఇంకోచోట అకౌంట్, మరోచోట క్లయింట్ అని మార్చావంటే చదివేవాడు ముగ్గురున్నారనుకుంటాడు. మీ టూల్లో డ్రై రన్, అంటే ఏదీ నిజంగా మార్చకుండా ఏం మారుతుందో చూపించేది, ఉందన్నావు, దాని అవుట్‌పుట్ మొత్తం పేస్ట్ చేసి ఏ లైన్ చూడాలో చెప్పు, "ముందు డ్రై రన్ చేయండి" అని ఊరికే రాస్తే ఎవడూ చెయ్యడు.

ఇంకోటి, మన తాతగారి పొలం గుర్తుందా, రిజిస్ట్రేషన్ అయిపోయినా అడంగల్లో ఏళ్ల తరబడి పాత పేరే ఉండేది. లైసెన్సూ అంతే. బిల్లింగ్ రికార్డులో పేరు మారడం వేరు, లైసెన్స్ సర్వర్లో మారడం వేరు, కస్టమర్ మెషీన్లో మారడం వేరు. టూల్ ఈ మూడిట్లో ఏవి మారుస్తుందో, ఏది మనిషి చేతుల్తో చెయ్యాలో రాయి. లైసెన్స్ ఫైల్ మెషీన్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే దాని నెట్‌వర్క్ కార్డు నంబరుకి, ముడేసి ఉంటే ఎన్ని రికార్డులు మార్చినా కొత్తవాళ్ల దగ్గర ఆ ఫైల్ పనిచెయ్యదు, మళ్లీ కొత్త ఫైల్ ఇవ్వాల్సిందే. పాతవాళ్ల మెషీన్ సర్వర్‌ని అడక్కుండా కొన్నాళ్లు నడిచే రకమైతే అక్కడ ఇంకా ఓపెన్ అవుతూనే ఉంటుంది. టాలీలో చూడు, పాత సిస్టంలో లైసెన్స్ సరెండర్ చేసి తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేస్తారు, మన వీధి చివర అకౌంటెంట్‌కి కూడా తెలుసు ఆ వరస. మీ టూల్ వరస ఏంటో అంత తేలిగ్గా తెలియాలి.

మధ్యలో నెట్ పోతే? ఇది డెవలపర్‌ని అడిగితే "అలా జరగదండీ" అంటాడు, నమ్మకు, టెస్ట్ సెటప్‌లో నువ్వే మధ్యలో ఆపి చూడు. ఇచ్చేవాళ్ల దగ్గర తగ్గి తీసుకునేవాళ్లకి చేరకపోతే ఆ సీట్లు ఎక్కడ కనపడతాయి, అదే కమాండ్ మళ్లీ కొడితే మిగతా పని అవుతుందా లేక ఇంకో 40 పోతాయా, వెనక్కి తేవాలంటే ఏం కొట్టాలి, ఈ పేజీకి ఎంత టైమ్ పట్టినా పర్లేదు, రాత్రి రెండింటికి తెరిచేది ఈ పేజీనే.

అసలు మార్చొచ్చా అన్న సంగతి లీగల్ వాళ్లది, కానీ ఎవరి ఓకే ఉండాలో, ఆ మెయిల్ టికెట్‌కి తగిలించాలో లేదో రాయి. మీకు యూరప్ కస్టమర్లున్నారుగా, అక్కడి కోర్టు 2012లో, వాడిన లైసెన్సులు అమ్మే యూజ్డ్‌సాఫ్ట్‌కీ ఒరాకిల్‌కీ నడిచిన కేసులో, కాలపరిమితి లేకుండా కొన్న లైసెన్స్ మళ్లీ అమ్ముకోవచ్చంది, కానీ అమ్మినవాడు తన కాపీ పనిచెయ్యకుండా చేసుకోవాలి, గుత్తగా కొన్న సీట్లలో మిగిలినవి విడగొట్టి అమ్మకూడదు అని కూడా అంది. మీ టూల్ సగం సీట్లు మార్చనిస్తుందన్నావు, ఆ ఆప్షన్ దగ్గర లీగల్‌ని అడగమని ఒక లైన్ వెయ్.

తేదీలు కూడా. సర్వర్ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైమ్‌లో, ఉంటే మార్చి 31 అర్ధరాత్రి గడువు మనకి ఏప్రిల్ 1 పొద్దున్న ఐదున్నరకి అయిపోతుంది, ఏ టైమో రాయకపోతే ఏటా అదే గొడవ. ఉదాహరణల్లో నిజం కస్టమర్ ఐడీ పెట్టకు తల్లీ, ఎవడో ఒకడు అలాగే కాపీ కొడతాడు.

డ్రాఫ్ట్ అయ్యాక నాకు పంపకు. సపోర్ట్‌లో ఈ నెల చేరినవాళ్లెవరికైనా ఇచ్చి టెస్ట్ సెటప్‌లో ఒక ట్రాన్స్‌ఫర్ చెయ్యమను, పక్కన కూచో, నోరు మాత్రం మెదపకు. వాళ్లు ఆగి నీ మొహం చూసిన చోటల్లా టిక్కు పెట్టుకో, ఆ టిక్కులు పట్టుకుని ఆదివారం ఇంటికి రా, ఇద్దరం కూచుని దిద్దుదాం, అత్తయ్య పెసరట్లు వేస్తానంది.

మీ మావయ్య