వానల్లో బెంగళూరు, అద్దె కారు: మా చెల్లెలి కొడుక్కి నాలుగు మాటలు

నాన్నా,

శ్రావణంలో పెళ్ళికి అందరూ వస్తున్నారని, ఇక్కడ రైలు దిగగానే సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని ఉన్నన్ని రోజులూ నువ్వే తిప్పుతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి ఆలోచనే. మీ నాన్నగారి మోకాళ్ళకి ఆటోలు ఎక్కి దిగడం కష్టం, పైగా వాన మొదలైతే ఈ ఊళ్ళో యాప్‌లో క్యాబ్ దొరకడం గగనం. కానీ ఇక్కడి వానల్లో చాలా ఏళ్ళుగా కారు నడుపుతున్న పెద్దమ్మగా ముందే చెప్తున్నా. గుంటూరులో, హైవే మీద నువ్వు ఎంత బాగా నడిపినా సరే, ఇక్కడ ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగిపోవాలి, ఎక్కడ బండి వెనక్కి తిప్పాలి అన్నది తెలియడమే అసలు డ్రైవింగ్. రోడ్డు మీద నీళ్ళు నిలిచి కనిపిస్తే అందులోకి దిగను అని ముందే అనుకుని, ఆ తర్వాత కారు వెతుక్కో.

ముందు నంబర్ ప్లేట్ చూడు. సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న కారుకి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేట్ కారు, అంటే ఎవరిదో సొంత కారు, తక్కువకి ఇస్తామని చాలామంది అంటారు. తీసుకోవద్దు. దాన్ని అద్దెకి తిప్పడం చట్టప్రకారం కుదరదు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది అదే. ఇక అగ్రిమెంట్. ఫోన్‌లో వేలితో కిందికి జరిపి ఒప్పుకున్నాను అని నొక్కేయకు, కూర్చుని చదువు. నీళ్ళవల్ల ఇంజిన్ పాడైతే ఖర్చు ఎవరిదని రాశారో వెతుకు. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇది సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకుని ఉండాలి. అది ఉందా లేదా అని వాళ్ళని నేరుగా అడుగు, నోటి మాట కాకుండా మెసేజ్‌లో జవాబు తీసుకో. మా అపార్ట్‌మెంట్‌లో ఒకబ్బాయి అద్దె కారుని మోకాలి లోతు నీళ్ళలోకి దింపి, ఆగిపోయాక మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేశాడు, ఇంజిన్ పోయింది. డిపాజిట్ మొత్తం పోగా ఇంకా చాలా కట్టాల్సి వచ్చింది.

ఏ కారు అంటావా, మీరు నలుగురే కాబట్టి పెద్ద బండి అక్కర్లేదు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకి నేలనుంచి ఎత్తు 165, 170 మిల్లీమీటర్లు ఉంటుంది, కాంపాక్ట్ ఎస్‌యూవీలకి 200 దాకా. ఆ కాస్త ఎత్తు ఇక్కడి గుంతలకీ, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లకీ పనికొస్తుంది, మీ నాన్న ఎక్కి దిగడానికీ సుఖంగా ఉంటుంది, అందుకని కాంపాక్ట్ ఎస్‌యూవీయే తీసుకో. అంతే తప్ప ఎస్‌యూవీ కదా అని నీళ్ళలోకి వెళ్ళొచ్చని కాదు. ఆటోమేటిక్ అయితే రింగ్ రోడ్ జామ్‌లో కాలికి హాయి, కానీ నీకు అలవాటు లేకపోతే కొత్త ఊళ్ళో వానలో నేర్చుకోవద్దు, ఇంట్లో ఏది నడుపుతున్నావో అదే తీసుకో. తెలుపో ఎరుపో దొరికితే మంచిది, బూడిద రంగు కారు వానలో వెనకవాడికి సరిగ్గా కనపడదు.

కారు చేతికిచ్చేటప్పుడు పగలు తీసుకో, రాత్రి వద్దు. చుట్టూ తిరిగి వీడియో తీస్తావు, అది అందరూ చేసేదే. నువ్వు ఎక్కువసేపు చూడాల్సినవి టైర్లు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు, వానకైతే 3 కంటే తగ్గినా నాకు నచ్చదు. గాడి మధ్యలో చిన్న చిన్న దిమ్మల్లాంటివి ఉంటాయి, పైన అరిగిన రబ్బరు వాటి సమానానికి వచ్చేసిందంటే ఆ కారు వద్దని చెప్పెయ్. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్ళు దాటిన టైరు గాడి బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. స్టెప్నీలో గాలి ఉందో లేదో, జాకీ, పానా ఉన్నాయో లేదో కూడా చూడు. వైపర్లు నీళ్ళు కొట్టి నడిపించు, గీతలు మిగిలితే బ్లేడ్లు మార్చి ఇమ్మను, మొహమాటపడకు. ఏసీ వేసి గాలిని అద్దం వైపు తిప్పి చూడు, వానలో లోపల ఆవిరి పట్టేది అక్కడే. అప్పుడు బయటి గాలి వచ్చేలా పెట్టాలి, లోపలి గాలే తిరిగే బటన్ ఆపెయ్యాలి.

ఇంకొకటి, చాలామందికి తోచదు. మ్యాట్ ఎత్తి కార్పెట్ ముట్టుకో, వాసన చూడు. ముక్కిన వాసన వచ్చినా, సీటు కింద జరిగే పట్టాల మీద తుప్పున్నా, హెడ్‌లైట్ల లోపల తేమ ఉన్నా ఆ బండి ఒకసారి మునిగి లేచిందేమో అని అనుమానించాలి. మునిగిన కారులో వైరింగ్ ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం, ఇంకొకటి ఇమ్మను.

ఇప్పుడు ఊరి సంగతి. ఇక్కడి చెరువులు మెట్ల వరసలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు రాజకాలువల్లోంచి, అంటే పెద్ద వాన నీటి కాలువల్లోంచి, కింది చెరువుకి పోవాలి. ఆ కాలువలు చాలాచోట్ల ఇరుకైపోయాయి, కొన్నిచోట్ల పైన ఇళ్ళే వచ్చేశాయి. అందుకే వాన తెరిపిచ్చాక కూడా బెళ్ళందూరు, వర్తూరు వైపు రోడ్డు మీద నీళ్ళు పెరుగుతూ ఉంటాయి. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్, సర్జాపూర్ రోడ్ వైపు మునిగినప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి వెళ్ళారు, టీవీలో నువ్వూ చూసుంటావు. ఆకాశం చూసి సరే ఇక పర్వాలేదు అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా. బయల్దేరేముందు బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఎక్స్ ఖాతా చూడు, ఎక్కడ నీళ్ళు నిలిచాయో పెడుతుంటారు. మ్యాప్ దగ్గరి దారి చూపిస్తుంది, అందులో నీళ్ళెంత ఉన్నాయో దానికి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం అండర్‌పాస్. వాన పడుతుంటే, పడి ఆగినా సరే, దిగొద్దు. పణత్తూర్ రైల్వే బ్రిడ్జి కింద దారి మా ఇంటికి దగ్గరే, వానరోజు నేను చుట్టూ తిరిగే వెళ్తాను. 2023 మే 21న విధానసౌధకి దగ్గర్లో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో ఒక కారు మునిగింది, అద్దె కారే, ఊరు చూడ్డానికి బయల్దేరిన మన తెలుగు కుటుంబం. వాళ్ళమ్మాయి చనిపోయింది. నడిపిన డ్రైవర్‌కి నీళ్ళు అంత లోతున్నాయని పైనుంచి తెలియలేదు. నాన్నా, ఆ దారి పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టుంటుంది. వెనక ఎంతమంది హారన్ కొట్టినా, ముందు కారు వెళ్ళిపోయినా, నువ్వు దిగొద్దు. ఒక అడుగు నీళ్ళు చాలు చిన్న కారు చక్రాలు నేల పట్టు వదిలెయ్యడానికి.

ఒకవేళ నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చెయ్యకు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్ళు సిలిండర్లలోకి పోతాయి, నీళ్ళు గాలిలా నొక్కుకోవు, దాంతో లోపలి కడ్డీలు వంగిపోతాయి. ముందు లాక్‌లు తీసి అద్దాలు దించెయ్, కరెంటు పోయిందంటే అవి కదలవు. అందరి బెల్టులూ విప్పించి దిగి ఎత్తు వైపు నడిచెయ్యండి, సామాన్లు అక్కడే వదిలెయ్యండి. తలుపులు, అద్దాలు రెండూ రాకపోతే పక్క అద్దం మూలన కొట్టాలి, ముందు అద్దం పగలదు, దాని మధ్యలో పొర ఉంటుంది. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి కొని డోర్ అరలో పెట్టుకో.

నడపడం గురించి తక్కువే చెప్తా, నీకు తెలిసినవే. వాన మొదలైన పది పదిహేను నిమిషాలు రోడ్డు మీద నూనె, దుమ్ము కలిసి బాగా జారుతుంది, ఆ కాసేపు మరీ నెమ్మదిగా పో. ఎడమ అంచు పట్టుకుని వెళ్ళకు, కాలువ మీద పలక లేకపోతే నీళ్ళలో కనపడదు. మెట్రో పనుల దగ్గర రోడ్డు మీద పరిచిన ఇనుప రేకుల పైన బ్రేక్ వెయ్యకు. ఫ్లైఓవర్ కిందికి వచ్చేముందు వేగం తగ్గించు, బైకుల వాళ్ళు తడవకుండా అక్కడే గుంపుగా ఆగుతారు, పాపం వాళ్ళకీ వేరే దారి లేదు, దాంతో సగం రోడ్డు ఉండదు. నడుస్తున్న కారుకి నాలుగు ఇండికేటర్లూ వెయ్యొద్దు, నువ్వు ఎటు తిరుగుతావో వెనకవాడికి తెలియదు. లో బీమ్ చాలు. నీళ్ళు చిమ్మే చోట నడిచేవాళ్ళుంటే ఆగినంత నెమ్మదిగా పోనివ్వు.

మండపం యలహంకలో కాబట్టి మారతహళ్ళి నుంచి హెబ్బాళ మీదుగా వెళ్ళాలి. ముహూర్తం తెల్లవారుజామున కనక ఇబ్బంది లేదు. రిసెప్షన్ సాయంత్రం, ఇక్కడ వాన ఎక్కువగా సాయంత్రమే పడుతుంది, ఆ టైంలో నాగవార దగ్గర మాన్యతా టెక్ పార్క్ ముందు నీళ్ళు నిలవడం మామూలే. మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరండి, అక్కడే బట్టలు మార్చుకోవచ్చు. రాత్రి గట్టిగా పడితే తిరిగి రావద్దు, మండపంలో గదులున్నాయి, పెళ్ళివాళ్ళతో నేను మాట్లాడేశాను. మీ అమ్మకి చిక్‌పేటలో చీరలు కొనాలని ఉందట, ఆ రోజు కారు తియ్యకుండా కేఆర్ పురంలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో చిక్‌పేట వైపు వెళ్ళే రైలుకి మారండి.

ఇక్కడికొచ్చాక కారు మా బేస్‌మెంట్‌లో పెట్టొద్దు, వానొస్తే ముందు నిండేది అదే. గేటు బయట గుల్‌మొహర్ చెట్టు కింద కూడా వద్దు, గాలికి కొమ్మలు విరుగుతాయి. వాచ్‌మన్ గదికి ఎదురుగా పైన ఉన్న స్థలం పక్కింటివాళ్ళది, మీరున్నన్ని రోజులూ వాడుకోమన్నారు. కారు బుక్ చేసేముందు ఆ అగ్రిమెంట్ నాకు వాట్సాప్‌లో పంపు, నేనూ ఒకసారి చదువుతాను.

మీ పెద్దమ్మ