గిరాకీ బాగున్నా కొత్త దుకాణంలో డబ్బు ఎందుకు ఆడదు?

లాభం అమ్మిన రోజే లెక్కలోకి వస్తుంది, డబ్బు మాత్రం వసూలైన రోజే చేతికొస్తుంది. కొత్త వ్యాపారికి మొదటి నెలల్లో టెన్షన్ పెట్టేది ఈ మధ్యలో ఉండే కాలమే. సరుకు బాకీ, కిరాయి, జీతం అప్పటిదాకా ఆగవు.

వరంగల్ దగ్గర జూన్‌లో పురుగుమందుల దుకాణం తెరిచారనుకుందాం. 3 లక్షల సరుకును 3.45 లక్షలకు అమ్మారు. అందులో 2 లక్షలు ఉద్దెర. పత్తి ఏరడం అక్టోబర్‌లో గానీ మొదలుకాదు, అది ఏనుమాముల మార్కెట్‌కు చేరాకే రైతు బాకీ కడతాడు. ఆలస్యం రైతు తప్పు కాదు, పంటే అలాంటిది. చేతికొచ్చిన 1.45 లక్షల్లో ఖర్చులకు 35 వేలు పోతే మిగిలేది 1.10 లక్షలు. డీలర్‌కు నెలలోపు 3 లక్షలు కట్టాలి. పుస్తకంలో 10 వేల లాభం, గల్లాపెట్టెలో 1.90 లక్షల లోటు!

ఇంకా ఎక్కువ అమ్మితే లోటు తీరుతుందని చాలామంది అనుకుంటారు. ఉద్దెర మీద అమ్మకం పెరిగితే కొనాల్సిన సరుకూ పెరుగుతుంది, లోటు ఇంకా పెద్దదవుతుంది. తగ్గాలంటే ఉద్దెరకు హద్దు పెట్టాలి, లేదా డీలర్ దగ్గర పంట చేతికొచ్చేదాకా గడువు అడగాలి. గడువు సంగతి సరుకు ఎత్తకముందే మాట్లాడుకోవాలి.