వరి జన్యువుల 24 గంటల లయ కనిపించడం లేదన్న ప్రశ్నకు సమాధానం
నెల్లూరు జిల్లా కోవూరు పొలంలో 4 గంటలకొకసారి, రెండు రోజులపాటు సేకరించిన వరి ఆకుల ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌లో (ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్షలో) చాలా జన్యువులకు 24 గంటలకు బదులు 48 గంటల దగ్గరే శిఖరం వస్తోందని మీరు అడిగారు. రాత్రులు మేలుకొని ఆకులు కోసిన మీ శ్రమ వృథా కాలేదు. సరిదిద్దవలసింది ఫూరియర్ పరివర్తనకు, అంటే కొలతల్లో ఎన్ని గంటల లయ ఎంత బలంగా ఉందో విడదీసే లెక్కకు, ముందున్న దశను.

48 గంటల కొలతలో పట్టుబడే అతి నెమ్మది తరంగం 48 గంటలదే కనుక, ఆకు ముదిరేకొద్దీ జన్యు వ్యక్తీకరణ (జన్యువు పనిచేసే స్థాయి) నిదానంగా పెరిగినా తగ్గినా ఆ వాలు ఎక్కువగా అక్కడే పోగుపడుతుంది. విలువలను లాగరిథమ్‌లోకి మార్చి, ప్రతి జన్యువుకూ ఒక సరళరేఖను అమర్చి, దానిని తీసివేయండి.

రెండో రాత్రి 2 గంటలకు తీసిన నమూనా పాడైతే అక్కడ సున్నా పెట్టానన్నారు. అది మాత్రం చేయకూడదు, ఎందుకంటే ఆ ఒక్క గుంట ప్రభావం అన్ని పౌనఃపున్యాలకూ చెదిరిపోతుంది. ఖాళీని ఖాళీగానే ఉంచి, అసమాన వ్యవధులకు సరిపడే లాంబ్–స్కార్గల్ పద్ధతిని వాడండి. 1976, 1982 నాటి ఖగోళశాస్త్ర పరిశోధనల్లో రూపుదిద్దుకున్నదైనా జన్యువులకూ చక్కగా పనికొస్తుంది.

వేల జన్యువులను ఒకేసారి పరీక్షిస్తున్నారు కనుక పీ విలువలను (లయ కేవలం యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యతలను) బెంజమినీ–హాక్‌బర్గ్ పద్ధతిలో సవరించడం తప్పనిసరి; తప్పుగా లయ ఉన్నట్టు తేలే జన్యువుల వాటాను అది అదుపులో ఉంచుతుంది. ఒక పరిమితి కూడా గుర్తుంచుకోండి: 8 గంటలకన్నా తక్కువ వ్యవధిలో తిరిగొచ్చే లయలను 4 గంటలకొకసారి చేసే సేకరణ పట్టుకోలేదు.

అన్నిటికన్నా ముందు వరి అంతర్గత గడియారంలో భాగమైన ఓఎస్‌ఎల్‌హెచ్‌వై (OsLHY) జన్యువును గీసి చూడండి. దానికి వేకువ వేళ శిఖరం రాకపోతే నమూనాల వరుస తారుమారైందేమో అనుమానించాలి. లేబుళ్లు సరిచూసేదాకా మిగతా జన్యువుల జోలికి వెళ్లకండి.